చచ్చిపోయిన టీ మొక్క, మా బాబాయి, కూనూరులో అయిదు రోజులు

అసలు ఈ ట్రిప్ మొదలైందే ఒక చచ్చిపోయిన మొక్క వల్ల. పోయిన జనవరిలో నెక్లెస్ రోడ్డు దగ్గర నర్సరీ మేళాకి వెళ్తే ఒకాయన "సార్, అస్సాం టీ మొక్క" అని మూడొందల యాభైకి అంటగట్టాడు. నేనేమో రోజుకి నాలుగైదు ఇరానీ చాయ్‌లు లాగించే మనిషిని, బాల్కనీలో సొంత టీ చెట్టు అనగానే ఆగలేక తెచ్చేసుకున్నా. కూకట్‌పల్లిలో మాది నాలుగో ఫ్లోరు, పడమటి బాల్కనీ. మార్చి దాకా బానే ఉంది. తర్వాత కొత్తగా వచ్చే ఆకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉండేవి, ఆ తర్వాత అంచులు మాడటం మొదలై మే రెండో వారానికి ఆకు పట్టుకుంటే అప్పడంలా విరిగిపోయింది. రోజూ నీళ్ళు పోశా, ఎరువేశా, ఎవరో వీడియోలో చెప్పారని కోడిగుడ్డు పెంకులు నలిపి కూడా వేశా (ఈ పెంకుల సంగతి గుర్తుపెట్టుకోండి, దీని మీద తర్వాత నాకు గట్టిగా పడ్డాయి).

మా బాబాయి హన్మకొండలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరై ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాడు. షుగర్ ఉంది, చాయ్ మాత్రం మానడు. ఓ ఆదివారం మా ఇంటికొచ్చి ఆ కుండీ చూసి "రోగమొచ్చి చావలేరా ఇది, నువ్వే చంపినవ్" అన్నాడు. ఎట్లా అంటే చెప్పడు. "పెరిగే కాడికి పోయి చూద్దాం పా, నేను చెప్తే నువ్వు యాడ నమ్ముతవ్" అన్నాడు. అలా నవంబర్ మొదటి వారంలో ఇద్దరం తమిళనాడులోని నీలగిరి కొండలకి బయల్దేరాం. టికెట్ల గోల రాయట్లేదు, చదివేవాళ్ళకీ విసుగే.

నవంబర్ 5, మెట్టుపాళయం నుంచి కూనూరు

కోయంబత్తూరులో టాక్సీ మాట్లాడుకున్నాం, రెండువేల ఎనిమిదొందలు. మెట్టుపాళయం దాటగానే కల్లార్ దగ్గర రోడ్డుకి రెండువైపులా వక్క తోటలు, సన్నగా నిటారుగా, కింద చీకటి చీకటిగా. అక్కడ ఒళ్ళంతా చెమట. ఘాట్ మొదట్లో చెక్‌పోస్టు, నీలగిరికి ఇప్పుడు బండికి ఈ-పాస్ ఉండాలి, అది డ్రైవర్ చూసుకున్నాడు. కానీ నీలగిరిలోకి చిన్న ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు కూడా రానివ్వరని మాకు తట్టలేదు. బిస్లరీ బాటిళ్ళు రెండు తీసి పక్కన పెట్టారు, పోనీ అనుకున్నాం. తర్వాత బాబాయి సంచిలోంచి ఒక లీటరు బ్యాటరీ వాటర్ బాటిల్ బయటపడింది. అది చూసి ఆ కుర్రాడు ఒకసారి బాబాయిని చూసి, ఒకసారి బాటిల్‌ని చూసి, తమిళంలో ఏదో అడిగాడు. "ఇది తాగడానికి కాదు బాబూ, పరీక్షకి" అని బాబాయి తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు. ఎవడు వింటాడు, అదీ పోయింది.

నాకప్పుడు తెలిసింది, బాబాయి సంచిలో కోఠిలో కొన్న పీహెచ్ పేపర్ల బుక్ కూడా ఉందని (ముంచితే రంగు మారే కాగితాలు, ఏడు కంటే తక్కువ చూపిస్తే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). మట్టి టెస్ట్ చేద్దామని స్వచ్ఛమైన నీళ్ళు కావాలంట, డిస్టిల్డ్ వాటర్ చవగ్గా దొరికేది పెట్రోల్ బంకులోనే కదా అని మోసుకొచ్చాడు. దారంతా అలిగి కూర్చున్నాడు.

మెట్టుపాళయం సముద్ర మట్టానికి మూడొందల మీటర్ల పైచిలుకు ఉంటుంది, కూనూరు 1,850 దాకా. ఒక గంటన్నర ప్రయాణంలో చెవులు రెండుసార్లు మూసుకుపోయాయి, ఏసీ ఆపేశాం, ఇంకాస్త పైకెళ్ళాక అద్దాలు ఎత్తేశాం. వెయ్యి మీటర్లకి ఆరు డిగ్రీల పైన తగ్గుతుందని బాబాయి అలకలోనే లెక్క చెప్పాడు. వక్క తోటలు పోయి అడవి, అడవి పోయి ఒక మలుపు తిరగ్గానే ఎవరో కొండకి దువ్వెన పెట్టి దువ్వినట్టు టీ.

కూనూరు బస్టాండ్ దగ్గర మొదటి టీ. పదిహేను రూపాయలు. మాస్టర్ పైనుంచి కిందకి సాగదీసి కొట్టి ఇచ్చాడు, పైన నురగ. బాబాయి "సక్కరై ఇల్లామ" (చక్కెర లేకుండా) అని దారిలో డ్రైవర్ దగ్గర నేర్చుకున్న మాట వాడితే ఆయన తలూపి, రెండు స్పూన్లు వేసే ఇచ్చాడు. దాంతో పాటు వర్కీ. ఊటీ వర్కీకి 2023లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది, పొరలు పొరలుగా, కరకరలాడుతూ, పైకి రాయిలా ఉంటుంది గానీ టీలో ముంచితే లోపలంతా పీల్చేసుకుంటుంది. ఉస్మానియా బిస్కెట్‌కి అలవాటు పడ్డ నోటికి ఇందులో ఉప్పు తీపి రెండూ తక్కువే అనిపించింది, నాకైతే ఉస్మానియానే. బాబాయి మాత్రం నాలుగు తిన్నాడు. టీ రుచి గురించి అడిగితే "మనదాంట్ల పాలు తాగుతం, గీడ టీ తాగుతున్రు" అన్నాడు, అలక తీరిందన్నమాట.

నవంబర్ 6, కూనూరు, తోటల్లో

రాత్రంతా వాన. మేం ఉన్న హోంస్టే (రోజుకి పద్దెనిమిది వందలు, వేణ్ణీళ్ళు పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకానే) అమ్మగారు ఇక్కడ ఇప్పుడే అసలు వానలన్నారు. జూన్‌లో మనకొచ్చే నైరుతి ఇక్కడికి కొండ దాటి వచ్చేసరికి బలం తగ్గుతుందంట, ఆ వాన ఎక్కువగా అవతల గూడలూరు వైపు కుమ్మేస్తుంది. కూనూరు, కోటగిరి తూర్పు వైపు వాలు, వీళ్ళకి అక్టోబర్, నవంబర్‌లో ఈశాన్య రుతుపవనాలు పోస్తాయి. మధ్యలో ఎండాకాలం జల్లులు, ఉత్తప్పుడు పొగమంచు. టీకి ఏడాదికి ఎంత లేదన్నా 1,200 నుంచి 1,500 మిల్లీమీటర్లన్నా కావాలి, అదీ ఒకేసారి కుమ్మరిస్తే లాభం లేదు, నెల నెలా కొంచెం కొంచెం పడుతుండాలి. మన హైదరాబాద్‌లో మొత్తం 800 అటూ ఇటూ, అందులో ముప్పావు వంతు నాలుగు నెలల్లోనే. ఈ లెక్క బాల్కనీలో మొక్క పెట్టేటప్పుడు నాకెవడు చెప్పాడు!

టిఫిన్ అయ్యాక ఒక తోట పక్కనుంచి నడక మొదలుపెట్టాం. మ్యాప్‌లో చూపించిన దారి ఒకటి, మేం వెళ్ళింది ఇంకోటి. అరగంట దిగాక ముందు ఏదో నల్లటి బండరాయి కనిపించింది, రాయి తల తిప్పింది. అడవిదున్న. ఇక్కడివాళ్ళు కాట్టెరుమై అంటారు. టీ పొదల మధ్యలో నడుం దాకా మునిగి తాపీగా నములుతోంది, కాళ్ళకి తెల్ల మేజోళ్ళు వేసినట్టు ఉంటాయంటారు గానీ పొదల్లో కాళ్ళెక్కడ కనిపిస్తాయి. కదలకుండా నిలబడ్డాం. పైనుంచి ఒకావిడ అరిచి చేత్తో సైగ చేసింది, అటు కాదు ఇటు రమ్మని. అలా ఆకు కోసేవాళ్ళ మధ్యలోకి వచ్చి పడ్డాం.

పది పన్నెండు మంది ఆడవాళ్ళు. నడుం చుట్టూ గోనెపట్టా, దాని మీద ప్లాస్టిక్ షీటు, ఎందుకంటే పొదలు పొద్దున పూట తడిసి ఉంటాయి, వాటి కొమ్మలు గట్టివి, చీర చీరుకుపోతుంది. వీపున సంచి. మమ్మల్ని పిలిచినావిడకి అరవై దాటే ఉంటాయి, తమిళం మాకు రాదు, తెలుగు ఆవిడకి రాదు, అయినా గంటసేపు మాట్లాడుకున్నాం. చిగురుని కొళుందు అంటారు. ఆవిడ ఒక రెమ్మ తుంచి నా అరచేతిలో పెట్టింది: మధ్యలో చుట్టుకుని సూదిలా ఒక మొగ్గ, దాని వెనకవైపు వెండి నూగు, పక్కన లేత ఆకు పల్చగా వెలుతురు పోయేలా, కింద రెండో ఆకు కొంచెం ముదురు. కాడ వేలితో వంచితే టక్కున విరిగింది. తర్వాత ఇంకో రెమ్మ ఇచ్చి తల అడ్డంగా ఊపింది. దాంట్లో మొగ్గ చిన్న గింజలా బిగుసుకుపోయి ఉంది, కాడ వంచితే విరగదు, పీచులా వంగుతుంది. అది బంజీ, అంటే ఆ కొమ్మ నిద్రపోయింది, కొన్నాళ్ళ దాకా పెరగదు, అదీ తుంచెయ్యాలి. కొందరు చేత్తో కోస్తుంటే కొందరి దగ్గర సంచి తగిలించిన కత్తెరలు. కత్తెరతో తూకం బాగా వస్తుంది, ఆకు నాణ్యత పోతుంది, ఇది ఆవిడ మొహం చూస్తేనే తెలిసింది.

ఒక్కసారి కోసిన పొద మళ్ళీ పది రోజులకో రెండు వారాలకో కోతకి వస్తుంది, ఏడాది పొడుగునా. అస్సాంలో అలా కాదు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చెట్టు పడుకుంటుంది, చలితో పాటు పగలు పదకొండుంబావు గంటల కంటే తగ్గిపోవడం కూడా దానికి కారణం. నీలగిరి భూమధ్యరేఖకి దగ్గర, పదకొండు డిగ్రీల అక్షాంశం, ఇక్కడ పగలు అంత చిన్నదవ్వదు, ఆకు తగ్గుతుందే గానీ ఆగదు.

మధ్యాహ్నం ఆవిడ వాళ్ళ లైన్ ఇళ్ళకి తీసుకెళ్ళింది. వరసగా గోడకి గోడ ఆనుకుని ఉండే ఇళ్ళు, అందుకే లైన్ అంటారు. గోడ మీద వాళ్ళ నాన్న ఫోటో. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి వచ్చారంట. 1964లో మన ప్రధాని శాస్త్రి గారికీ అక్కడి ప్రధాని సిరిమావో బండారనాయకేకీ మధ్య ఒప్పందం అయ్యాక అక్కడి టీ తోటల్లో పనిచేసే తమిళుల్ని లక్షల్లో వెనక్కి పంపారు, వాళ్ళలో కొందరికి పని చూపించడానికే తమిళనాడు ప్రభుత్వం ఇక్కడ టాన్‌టీ (ప్రభుత్వ టీ సంస్థ) తోటలు వేసింది. అంటే తాతలు ఇక్కణ్ణుంచి వెళ్ళి అక్కడ టీ కోశారు, పిల్లలు వెనక్కొచ్చి ఇక్కడ టీ కోస్తున్నారు. ఆవిడ మాకు ప్లేన్ టీ ఇచ్చింది, పాలు లేకుండా, పక్కన చిన్న బెల్లం ముక్క. బెల్లం కొరుక్కుంటూ టీ చప్పరించాలి. పాలు లేని టీ నాకు పడదు అనుకునేవాణ్ణి, ఇది రెండో గ్లాసు అడిగి తాగా. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తోసింది, మనవడికి అని చెప్పి వర్కీ పొట్లం ఇస్తే తీసుకుంది.

వచ్చేముందు బాబాయి పొద మొదట్లో వేలు పెట్టి జానెడు లోతు తవ్వి గుప్పెడు మట్టి రుమాల్లో కట్టుకున్నాడు. ఆడవాళ్ళందరూ నవ్వారు.

అదే రోజు రాత్రి, స్టీలు గ్లాసుల ప్రయోగం

బ్యాటరీ వాటర్ పోయింది కాబట్టి బాబాయి బాల్కనీ రెయిలింగ్ మీద స్టీలు గ్లాసు పెట్టి వాన నీళ్ళు పట్టాడు. ముందు ఉత్త వాన నీళ్ళలో పేపర్ ముంచాడు, పసుపు రంగు. "వాన నీళ్ళే కొంచెం ఆమ్లం రా, గాలిల కార్బన్ డయాక్సైడ్ కరుగుతది, ముందు ఇది రాసుకో, లేకుంటే లెక్క తప్పుతది." నేను ఫోన్‌లో రాసుకున్నా, ఇంటర్ ప్రాక్టికల్స్ గుర్తొచ్చాయి. తర్వాత ఇంకో గ్లాసులో మట్టి, వాన నీళ్ళు, స్పూన్‌తో కలిపి అరగంట వదిలేశాం. పైన తేరిన నీళ్ళలో పేపర్ ముంచితే నారింజ. రంగుల పట్టీ పక్కన పెట్టి ట్యూబ్‌లైట్ కింద ఇద్దరం కొట్టుకున్నాం, నేను అయిదు అంటా, ఆయన నాలుగున్నర అంటాడు. రెండిట్లో ఏదైనా సరే, టీకి కావాల్సింది అదే, నాలుగున్నర నుంచి అయిదున్నర.

అప్పుడు మొదలెట్టాడు నాకు క్లాసు. టీ సున్నం పడని చెట్టు. ఆమ్ల నేలలో ఇనుము, అల్యూమినియం కరిగి వేర్లకి అందుతాయి, వేరే పంటలకి ఆ అల్యూమినియం విషం, టీకి మాత్రం బలమే. నేల చౌడు వైపు పోతే ఇనుము నేల్లో ఉన్నా కరగదు, అందుకే చిగురు పసుపు తిరుగుతుంది, ఈనెలు పచ్చగా ఉంటాయి. "మీ బాత్రూం బకెట్ మీద తెల్లగ పేరుకుంటది సూడు, గది సున్నం. గా బోరు నీళ్ళు రోజూ పోసినవ్. సాలదన్నట్టు కోడిగుడ్డు పెంకులు, అంటే ఇంక సున్నం. మొక్క ఆకలైతుందిరా అంటే నువ్వు మూతికి సున్నం పూసినవ్." ఏం మాట్లాడతాం.

నవంబర్ 7, కోటగిరి

కోటగిరి కూనూరు కంటే నిమ్మళం. ఇక్కడ పెద్ద కంపెనీ తోటల కంటే బడగల (ఈ కొండల్లోని స్థానికులు) చిన్న చిన్న టీ మడులు ఎక్కువ, ఎకరం, ఎకరంన్నర. హోంస్టే అమ్మగారి బంధువు ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాం. లోపలికి అడుగుపెట్టగానే ఆయన మనవరాలు వచ్చి బాబాయి ముందు తల వంచి నిలబడింది. బాబాయికి అర్థం కాక జేబులో చెయ్యి పెట్టి యాభై నోటు తీశాడు. అందరూ గొల్లుమన్నారు. బడగల్లో చిన్నవాళ్ళు అలా తల వంచితే పెద్దవాళ్ళు తల మీద చెయ్యి పెట్టి దీవించాలంట. బాబాయి చెయ్యి పెట్టి దీవించి, నోటు కూడా ఇచ్చాడు, పిల్ల నోటు వాళ్ళ తాతకి చూపించి గాని తీసుకోలేదు. భోజనం అన్నం, చిక్కుడు గింజల పులుసు, ఆలుగడ్డ వేపుడు. కారం మనకి సరిపోదు, కానీ ఆ చిక్కుడు గింజలు వెన్నలా ఉడికాయి.

పెద్దాయన పాతికేళ్ళు టీచరుగా చేశాడు కాబట్టి ఇంగ్లీషు వచ్చు. వాళ్ళ మడి చూపించాడు, ఏటవాలుగా కొండ మీద, మధ్యమధ్యలో సిల్వర్ ఓక్ చెట్లు. నీడ కోసం అంటే మరీ నీడ కూడా కాదు, గొడుగులో చిల్లులున్నట్టు వడకట్టిన ఎండ కావాలి టీకి. వాలు ఎందుకంటే ఎంత వాన పడినా నీళ్ళు వేరు దగ్గర నిలబడకూడదు. మరి అస్సాం బల్లపరుపుగా ఉంటుంది కదా, ఎత్తు వంద మీటర్ల చుట్టూనే కదా అన్నాను. అక్కడ వరసల మధ్య కాలవలు తవ్వి నీళ్ళు లాగేస్తారు, అదే వాళ్ళ వాలు అన్నాడు. అక్కడి ఉక్కపోత, వాన కలిసి ఆకుని తొందరగా పెంచుతాయి, డికాక్షన్ చిక్కగా వస్తుంది. ఎత్తులో చలికి ఆకు నెమ్మదిగా పెరిగి వాసన పట్టుకుంటుంది, డార్జిలింగ్ గొప్పంతా అదే. ఆయన డార్జిలింగ్ చూళ్ళేదు, అయినా ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో చిన్న అసూయ ఉంది.

కిలో పచ్చాకుకి ఎంతొస్తుంది అని అడిగితే ఇరవై చుట్టూ తిరుగుతుంది, కోత కూలికే సగం పోతుంది అన్నాడు. నాలుగు కిలోల పైన ఆకు పోస్తే ఒక్క కిలో టీ. కొంతమంది పిల్లలు కోయంబత్తూరు వెళ్ళిపోయి తోట వదిలేశారు, అలా వదిలేసిన పొదలు దారిలో చూపించాడు, పదిహేను అడుగుల చెట్లయి తెల్ల పూలు పూశాయి. టీ పొద కాదు చెట్టు అని నాకు అప్పుడు గాని బుర్రకెక్కలేదు, నడుం ఎత్తులో ఉంచుతోంది మనిషి కత్తే.

సాయంత్రం ఆకు కొనే ఫ్యాక్టరీ. పైన మేడ మీద పొడుగాటి జల్లెడ తొట్లలో ఆకు ఆరబెట్టారు, కిందనుంచి ఫ్యాన్ గాలి, కోసిన గడ్డి వాసన, పచ్చి జామకాయ వాసన కలిసినట్టు. కింద సీటీసీ (నలిపి, చీల్చి, చుట్టే పద్ధతి) రోలర్లు, పళ్ళున్న రెండు ఇనప రోలర్ల మధ్య ఆకు నలిగి పచ్చటి పిండిలా బయటికొస్తుంది, కళ్ళ ముందే పచ్చ పోయి ఇటుక రంగు తిరుగుతుంది. ఆఖర్లో జల్లెడల్లో సన్నపొడి వేరే పడుతుంది, అది డస్ట్. సూపర్‌వైజర్ "హైదరాబాదా? మీకు ఇదే" అని గుప్పిట్లో ఆ పొడి చూపించి నవ్వాడు. మా గల్లీ కేఫ్‌లో రాగి పాత్రలో గంటలకొద్దీ మరిగేది ఇదే రకం పొడి. నాకేం చిన్నతనం అనిపించలేదు, ఆ పనికి అదే కావాలి, రెండాకుల మొగ్గ తెచ్చి మన పాలల్లో వేస్తే దాని ఊసే తెలీదు.

నవంబర్ 8, దొడ్డబెట్ట వైపు

ఈ రోజు పెద్దగా రాయడానికి లేదు. దొడ్డబెట్ట 2,637 మీటర్లు, మేం వెళ్ళేసరికి మబ్బు, చెయ్యి చాస్తే చెయ్యి కనపడలేదు, గుంటూరు నుంచి వచ్చిన రెండు కుటుంబాలు మిరపకాయ బజ్జీలు ఎక్కడ దొరుకుతాయని మమ్మల్ని అడిగాయి. దారిలో ఒకటి మాత్రం గమనించా: టీ అంతా కొండ వాలు మీదే, లోయ అడుగున చదునుగా ఉన్న మంచి నేలలో క్యారెట్, క్యాబేజీ. మంచి నేల వదిలి టీ పైకెందుకెక్కింది అని డ్రైవర్‌ని అడిగితే, అడుగున నీళ్ళు నిలుస్తాయి సార్, ఇంకా డిసెంబర్, జనవరిలో రాత్రిపూట చలిగాలి కిందకి జారి అక్కడే కూర్చుంటుంది, తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు, టీ చిగురు నల్లగా మాడిపోతుంది అన్నాడు. ఎండకి మాడటం చూశా గానీ చలికి మాడటం ఇదే వినడం. బాబాయి కోతి టోపీ పెట్టుకుని కారు దిగలేదు.

నవంబర్ 9, తిరుగు దారి, ఒక నర్సరీ

దిగేముందు కూనూరు బయట టీ నర్సరీ కనిపించింది. నల్ల కవర్లలో వేల మొక్కలు, ఒక్కో ఆకుతో ఒక్కో కణుపు ముక్క నాటి పెంచినవి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కొనుక్కుంటా అన్నా. నర్సరీ అతను ఏ ఊరు అన్నాడు. హైదరాబాద్ అంటే "బోర్ తన్నియా?" అని అడిగాడు. ఆ రెండు మాటలకి అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అవును, బోరు నీళ్ళే అన్నా. మేలో ఎంత ఎండ అన్నాడు. నలభై రెండు అన్నా. అతను మొక్కని నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ వరసలో పెట్టేశాడు. పదిహేను రూపాయల మొక్క, వ్యాపారం పోతే పోయిందని. నెక్లెస్ రోడ్డులో నాకు మూడొందల యాభైకి అమ్మినాయన గుర్తొచ్చాడు. పావుకిలో ఆర్థొడాక్స్ (పొడి చెయ్యకుండా ఆకుని చుట్టి చేసే) ఆకు టీ కొనుక్కుని దిగాం, మూడొందల ఇరవై.

ఇంటికొచ్చాక బాబాయి మా వంటింటి కుళాయి నీళ్ళలో పేపర్ ముంచాడు. నీలం కలిసిన ఆకుపచ్చ, ఎనిమిది. నారింజ పేపర్ పక్కన దాన్ని కూడా అంటించి ఫ్రిజ్ మీద పెట్టాడు. బాల్కనీలో ఆ కుండీ కోసం చూస్తే మేం లేనప్పుడు అమ్మ అందులో కరివేపాకు మొక్క పెట్టేసింది, గుడ్డు పెంకుల మట్టిలోనే, బోరు నీళ్ళే పోసి. అయిదు రోజుల్లోనే రెండు కొత్త రెబ్బలు వేసింది.